వర్చువల్ అసిస్టెంట్ పని: కొన్నేళ్లు చేశాక నా సమీక్ష

వర్చువల్ అసిస్టెంట్‌గా, అంటే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో క్లయింట్ల ఆఫీసు పనులు చేసిపెట్టే మనిషిగా, ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొన్నేళ్లు గడిచాక ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు తక్కువ. నేను ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి ఆ రెండోది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పని మంచిది, నిలకడగా ఆదాయం వస్తుంది, పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. అయితే గంటకు ఇంత అని తీసుకున్నంత కాలం ఎదుగుదల ఉండదు. నెలకు ఇంత అని మాట్లాడుకోవడం మొదలయ్యాకే నాకు ఇది వ్యాపారంలా నడిచింది.

గంటల లెక్కతో వచ్చిన చిక్కేమిటంటే, పని నేర్చుకున్నకొద్దీ ఆదాయం తగ్గుతుంది. ఒక క్లయింట్‌కి వారం వారం అమ్మకాల రిపోర్ట్ తయారుచేసేదాన్ని. మొదట్లో సగం పూట పట్టేది. షీట్‌లో ఫార్ములాలు పెట్టి టెంప్లేట్ చేసుకున్నాక అరగంటలో అయిపోయేది. తప్పులు తగ్గాయి, రిపోర్ట్ ముందే చేరేది, నాకు వచ్చే డబ్బు మాత్రం పడిపోయింది. ఇప్పుడు ఏయే పనులు చేస్తాను, సుమారు ఎన్ని గంటలు, అదనపు పనికి రేటెంత, మానుకోవాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి అన్నవన్నీ ఒక పేజీలో రాసి, ఇద్దరం ఒప్పుకున్నాకే మొదలుపెడతాను. డబ్బు నెల మొదట్లోనే తీసుకుంటాను. ఈ షరతు దగ్గర కొత్తవాళ్ళు అస్సలు మొహమాటపడకూడదు. నెలంతా పని చేయించుకుని, బిల్లు పంపగానే జవాబివ్వడం మానేసిన క్లయింట్‌ని నేను చూశాను.

మొదటి క్లయింట్ల కోసం అప్‌వర్క్, ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ పనులు దొరికే వెబ్‌సైట్లు బాగానే పనికొస్తాయి, కాకపోతే ఖర్చు తెలుసుకుని దిగాలి. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ 2023లో అందరికీ ఒకేలా 10 శాతం పెట్టింది, 2025లో కొత్త కాంట్రాక్టులకు దాన్ని సున్నా నుంచి 15 శాతం మధ్య మారేలా చేసింది. అక్కడ పనులకు అప్లై చేయాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు కూడా ఖర్చవుతాయి. గంటల లెక్కన చేస్తే, పని సమయాన్ని నమోదు చేసే వాళ్ళ ట్రాకర్ ప్రతి పది నిమిషాల వ్యవధిలో ఒక స్క్రీన్‌షాట్ తీస్తుంది. చాలామందికి అది చిరాకు. కొత్తలో నాకు అది ధైర్యాన్నే ఇచ్చింది, ఎందుకంటే వాళ్ళిచ్చే చెల్లింపు రక్షణ ఆ ట్రాకర్‌లో నమోదైన గంటలకే వర్తిస్తుంది. అక్కడ పరిచయమైన క్లయింట్‌ని బయటికి తీసుకెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినొద్దు. పరిచయమైన రెండేళ్ల వరకు చెల్లింపులు అక్కడే జరగాలన్నది నిబంధన. కాదంటే ఫీజు కట్టి బయటపడాలి. దొంగచాటుగా చేసి ఖాతా పోగొట్టుకుంటే కష్టపడి తెచ్చుకున్న రివ్యూలన్నీ పోతాయి.

పని ఇవ్వడానికి ముందు డబ్బు కట్టమనేవాళ్ళు, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమనేవాళ్ళు, ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి మిగతాది తిరిగి ఇమ్మనేవాళ్ళు తగులుతుంటారు. ముగ్గురూ మోసగాళ్ళే. వాదించకుండా బ్లాక్ చేయడం మేలు.

ఇక పని సంగతి. డేటా ఎంట్రీ, సోషల్ మీడియా, రీసెర్చ్, ట్రావెల్ బుకింగ్ అన్నీ చేస్తానని ప్రొఫైల్‌లో రాసుకున్నవాళ్ళు వేలల్లో ఉంటారు. నేను మెల్లగా అన్నీ వదిలేసి ఇన్‌బాక్స్, క్యాలెండర్ మాత్రమే ఉంచుకున్నాను. క్లయింట్ ఆఫీసు మొదలయ్యేలోపు మెయిల్స్‌ని మూడు లేబుల్స్ కింద పెడతాను: మీరే చూడాలి, జవాబు రాశాను చూసి పంపండి, తెలిస్తే చాలు. ఆ రెండో లేబుల్‌లోనే మన పనితనం తెలుస్తుంది. ఒకావిడ ఎవరికీ రెండు వాక్యాలకు మించి రాయరు, క్షమాపణ అసలు చెప్పరు, చివర పేరులో మొదటి అక్షరం ఒక్కటే పెడతారు. నా డ్రాఫ్ట్‌లో "ఆలస్యానికి మన్నించండి" అని ఉంటే అది ఆవిడ రాసింది కాదని అవతలివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అందుకే కొత్త క్లయింట్ రాగానే వాళ్ళు పంపిన పాత మెయిల్స్ కూర్చుని చదువుతాను. ఆ సమయానికి కూడా డబ్బు తీసుకుంటాను, అది పనిలో భాగమే.

క్యాలెండర్‌లో అసలు టెన్షన్ మార్చిలో ఉంటుంది. న్యూయార్క్, లండన్ మధ్య తేడా మామూలుగా ఐదు గంటలు. వేసవి సమయం కోసం అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌లో చివరి ఆదివారం. ఈ రెండింటి మధ్య తేడా నాలుగు గంటలే. వారం వారం జరిగే మీటింగ్ ఏ నగరం టైమ్ జోన్‌లో పెట్టి ఉందో అక్కడివాళ్ళకి ఏ మార్పూ కనిపించదు, అవతలివాళ్ళకి గంట జరుగుతుంది. శరదృతువులో బ్రిటన్ అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి మారతాయి కాబట్టి ఒక వారం పాటు మళ్ళీ ఇదే తంతు. నేను ఫిబ్రవరి చివర్లోనే ఇలాంటి మీటింగులన్నీ తెరిచి, ఒక్కోటి ఏ జోన్‌లో ఉందో చూసి, గంట జరిగేవాళ్ళకి ముందుగా ఒక లైన్ రాసి పంపుతాను. క్లయింట్‌కి ఇది కనిపించని పని. కానీ ఒక్క మీటింగ్ తప్పితే పోయేది వాళ్ళ పరువు.

పాస్‌వర్డ్‌లు చాట్‌లో పంపించే క్లయింట్లు ఇప్పటికీ ఉన్నారు. నేను వెంటనే మార్చుకోమంటాను. జీమెయిల్‌లో డెలిగేట్ యాక్సెస్ (తమ ఇన్‌బాక్స్ వాడుకునే అనుమతి) ఇస్తే పాస్‌వర్డ్ చెప్పకుండానే మనం చదవచ్చు, జవాబివ్వచ్చు, పాస్‌వర్డ్ మార్చడం మాత్రం మన చేతిలో ఉండదు. మిగతావాటికి బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచే యాప్) ద్వారా షేర్ చేయమని అడుగుతాను. ఇలా అడిగితే అనుమానిస్తారేమో అని కొత్తవాళ్ళు భయపడతారు. నాకైతే ఇలా అడిగిన ప్రతిసారీ నమ్మకం పెరిగింది.

ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా అని చాలామంది అడుగుతున్నారు. ఆడియో విని టైప్ చేయడం, మీటింగ్ నోట్స్ రాయడం లాంటివి నా దగ్గర దాదాపు పోయాయి. ఏ మెయిల్‌కి జవాబివ్వకూడదో, ఏ మీటింగ్‌ని మర్యాదగా వాయిదా వేయాలో తేల్చే పని పెరిగింది. క్లయింట్ మెయిల్‌ని వాళ్ళ అనుమతి లేకుండా ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టను, ఆ సంగతి ఒప్పందంలోనే రాస్తాను.

నాకు నచ్చనిది సెలవు దొరకకపోవడం. జ్వరం వచ్చినా ఇన్‌బాక్స్ ఆగదు, మన బదులు చూసేవాళ్ళు ఉండరు. చాలాకాలం ఇది నన్ను బాగా అలిసిపోయేలా చేసింది. ఇప్పుడు ప్రతి క్లయింట్‌కీ ఒక డాక్యుమెంట్ ఉంచుతున్నాను. ఎవరి మెయిల్‌కి వెంటనే జవాబివ్వాలి, ఏ రోజుల్లో మీటింగులు పెట్టకూడదు, ఏ విషయం ఎవరిని అడగాలి అన్నీ అందులో ఉంటాయి. ఇదే పనిలో ఉన్న ఇంకో ఆవిడతో మాట్లాడుకుని, క్లయింట్ల అనుమతితో, ఒకరు సెలవు పెడితే ఇంకొకరు చూసుకునేలా ఏర్పాటు చేసుకున్నాం. ఒంటరిగా మొదలుపెట్టినా సరే, అలాంటి ఒక మనిషిని మొదటి ఏడాదిలోనే వెతుక్కోండి.