బెంగళూరు ప్యాలెస్‌లు: గైడుకు డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కరలేదు

దసరా సెలవులకు అనంతపురం నుంచి పిన్ని, బాబాయి వస్తున్నారని తెలిసిన రోజునే మావారు నాకొక ప్రకటన చూపించారు. టిప్పు సుల్తాన్ వేసవి విడిదిని, బెంగళూరు ప్యాలెస్‌ను ఒకే పూటలో "తెర వెనుక నుంచి" చూపిస్తామని, మామూలు సందర్శకులకు తెరవని గదుల్లోకి కూడా తీసుకువెళతామని అందులో రాసి ఉంది. మనిషికి 1,400 రూపాయలు. వాహనం, ప్రవేశ రుసుము, గైడు అన్నీ అందులోనే. పిన్ని, బాబాయి, అత్తయ్య, మేమిద్దరం, పన్నెండేళ్ల మా అబ్బాయి కలిపి ఆరుగురం కాబట్టి లెక్క 8,400కు చేరింది. అవే రెండు చోట్లకు మా అంతట మేమే వెళ్తే టిక్కెట్లు, ఆటోలు అన్నీ కలిపినా రెండున్నర వేలు దాటదు. మిగిలిన ఆరు వేలకు సరిపడే సరుకు అందులో ఉందా లేదా అన్నదే మా ఇంట్లో రెండు రోజులు నలిగిన ప్రశ్న. ఇదే ప్రశ్న మరికొన్ని కుటుంబాలకూ వస్తుందని తెలుసు కాబట్టి, మేము చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందుగా మైసూరు సంగతి. పిన్నికి అసలు కోరిక మైసూరు ప్యాలెస్ చూడాలనే. 1897లో పెళ్లి వేడుకల సమయంలో పాత చెక్క మహలు కాలిపోవడం, హెన్రీ ఇర్విన్ గీసిన నమూనా ప్రకారం 1912 నాటికి ఇప్పటి భవనం పూర్తి కావడం ఆమెకు బాబాయి చెప్పగా తెలుసు. అయితే దసరా రోజుల్లో అక్కడి జనం మధ్య అత్తయ్యను నడిపించడం కష్టమని వెనక్కి తగ్గాం. అంతకుముందు రెండుసార్లు వెళ్లిన అనుభవంతో చెబుతున్నాను: రద్దీ రోజున మైసూరులో ఎంత మంచి గైడును పెట్టుకున్నా, వెనుక నుంచి వచ్చే వరుస నిలబడనివ్వదు, చెప్పేది సగం వినబడదు. అక్కడికి వెళ్లదలచినవారు పండుగ కాని రోజున, తలుపులు తెరిచే వేళకే చేరుకోవడం మేలు.

అలా బెంగళూరుకే పరిమితమయ్యాం. అత్తయ్య మోకాళ్ల నొప్పుల గురించి నిర్వాహకులకు ముందే చెప్పాను. మెట్లున్న చోట ఆమె కింద కూర్చోవచ్చని, ఒకరిని తోడుగా ఉంచుతామని అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. వాహనం చెప్పిన వేళకు వచ్చింది, శుభ్రంగా ఉంది. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

ఉదయం తొమ్మిదింటికి టిప్పు ప్యాలెస్ చేరాం. కృష్ణరాజేంద్ర మార్కెట్ రద్దీకి కూతవేటు దూరంలో, కోటె వేంకటరమణస్వామి గుడి పక్కనే ఉన్న ఈ రెండంతస్తుల టేకు కట్టడం లోపల సామాను దాదాపుగా లేదు. కింద ఒక పక్క గదిలో పురావస్తు శాఖవారి చిన్న ప్రదర్శన, అందులో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న టిప్పు పులి బొమ్మకు నకలు, గోడలపై కొన్ని చిత్రాలు, అంతే. పదేళ్ల కిందట నేను, మావారు ఇద్దరమే వచ్చినప్పుడు ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేశాం. కాబట్టి గైడు ఇక్కడ గంటన్నర గడుపుతామని చెప్పినప్పుడు అనుమానంగానే లోపల అడుగుపెట్టాను.

ఆవిడది కోలారు వైపు ఊరు, తెలుగు చక్కగా మాట్లాడతారు. తారీకులతో మొదలుపెట్టకుండా, నేరుగా ముందు వరుసలోని ఒక స్తంభం దగ్గరికి తీసుకువెళ్లి, "ఈ చెక్క ఎక్కడైనా నేలకు తగులుతోందేమో చూసి చెప్పు" అని మా అబ్బాయిని అడిగారు. వాడు వంగి, చివరికి నేల మీద బోర్లా పడుకుని చూశాడు. నునుపుగా చెక్కిన రాతి దిమ్మె మీద నిలబడింది స్తంభం. నేలలోని చెమ్మ రాతిని దాటి చెక్కలోకి ఎక్కదని, రెండు శతాబ్దాలు దాటినా ఈ టేకు నిలబడడానికి అదొక ముఖ్య కారణమని ఆవిడ చెప్పారు. పిన్ని వెంటనే, తమ పాత ఇంటి వసారాలో దూలాలను మోసే గుంజల కింద కూడా రాళ్లే ఉండేవని గుర్తు చేసుకున్నారు. తరువాత ఆవిడ ఫోను లైటు వెలిగించి, గోడకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు గోడకు ఆనించినట్టుగా పట్టుకున్నారు. అప్పటిదాకా వెలిసిపోయిన గోధుమరంగు మరకలా కనిపించిన చోట పువ్వులు, తీగలు, ఒక రేకు అంచున కుంచె ఆగి మళ్లీ సాగిన గీత స్పష్టంగా తేలాయి. నేను ఇదే గోడ ముందు నుంచి ఒకసారి నడిచి వెళ్లినదాన్నే. లైటు తీసేశాక కూడా ఆ తీగ నా కళ్లకు కనిపిస్తూనే ఉంది.

పైఅంతస్తుకు వెళ్లే మెట్లు ఇరుకైనవి, నిటారుగా ఉంటాయి. అత్తయ్య కిందనే ఉండిపోయారు. పైన తూర్పు, పడమర దిక్కుల్లో ఉన్న వసారాల నుంచి టిప్పు రాజ్య వ్యవహారాలు నడిపేవాడని చెబుతారు. అక్కడ నిలబెట్టి గైడు చెప్పిన చరిత్ర మా బాబాయిని కదిలించింది. ఆయన ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మాస్టారు. ఈ కట్టడాన్ని 1781లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది డిసెంబరులో చిత్తూరు దగ్గరి దండు విడిదిలో కన్నుమూశాడు. కొడుకు టిప్పు దీన్ని 1791 నాటికి పూర్తి చేశాడు. చెక్క మీద దీని పేరు 'రష్క్-ఎ-జన్నత్' అని, అంటే స్వర్గమే అసూయపడేదని, చెక్కించారు. అదే 1791 మార్చిలో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేనలు బెంగళూరు కోటను పట్టుకున్నాయి. "ఇల్లు కట్టడం పూర్తయిన ఏడాదే కోట చేతులు మారింది, ఆయన ఇక్కడ ఎన్ని వేసవులు గడిపి ఉంటాడో మీరే ఆలోచించండి" అని ఆవిడ ఊరుకున్నారు.

బాబాయి మాత్రం ఊరుకోలేదు. 1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యాన్ని వదులుకోవడం, కడప సీమ నిజాముకు పోవడం, 1799లో టిప్పు మరణం తరువాత పంపకాల్లో నిజాము వాటా ఇంకా పెరగడం, ఆ ప్రాంతాలన్నిటినీ 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించగా అవి దత్తమండలాలు (అనంతపురం కూడా వాటిలోదే) కావడం, ఇదంతా ఆయనే ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వెళ్లారు. ఏళ్ల తరబడి బల్ల ముందు నిలబడి చెప్పిన పాఠం ఈ వసారాలో మొదలైనట్టు అనిపించిందని ఆయన అన్నప్పుడు గైడు తన మాట ఆపి, ఆయన చెప్పేది శ్రద్ధగా విన్నారు. మంచి గైడుకు ఉండవలసిన గుణాల్లో నేను దీన్ని అన్నిటికంటే పైన పెడతాను. దిగి వచ్చేటప్పుడు గైడు, టిప్పు తరువాత ఇదే భవనంలో 1868 వరకు సర్కారు కచేరీలు నడిచాయని, ఆ ఏడాది అవి కొత్తగా కట్టిన అఠారా కచేరికి, అంటే ఇప్పటి హైకోర్టు భవనానికి, తరలిపోయాయని చెప్పారు. అఠారా అంటే పద్దెనిమిది; పద్దెనిమిది శాఖలు అందులో ఉండేవి. ఇన్నాళ్లుగా ఆ ఎర్రటి భవనం ముందు నుంచి బస్సులో వెళ్తూ ఆ పేరుకు అర్థం నేను ఎవరినీ అడగలేదు.

బెంగళూరు ప్యాలెస్ దగ్గర లెక్క తారుమారైంది. సెంట్రల్ హైస్కూలు మొదటి ప్రిన్సిపాల్ గారెట్ నుంచి ఆ స్థలాన్ని 1873లో 40,000 రూపాయలకు, అప్పటికి మైనరుగా ఉన్న మైసూరు రాజు చామరాజేంద్ర ఒడయార్ పేరిట కొన్నారు. బురుజులు, గోడలపై అల్లుకున్న తీగలు, రంగుటద్దాలు, పై అంతస్తులో దర్బారు హాలు, గోడకు బిగించిన ఏనుగు తల, రవివర్మ చిత్రాలు, రాజకుటుంబపు ఫోటోలు అడుగడుగునా ఉన్నాయి. అంటే, చూడడానికి వస్తువులకు కొదవ లేదు. టిక్కెట్టుతో పాటు ఆడియో పరికరం ఇస్తారు. అత్తయ్య దాన్ని కన్నడలో పెట్టుకున్నారు, మా అబ్బాయి ఇంగ్లీషులో. గది గదికీ అది చెప్పవలసినది చెబుతూనే ఉంది. దానికి మించి గైడు ఇక్కడ చెప్పగలిగింది తక్కువ. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటను చూసి కట్టారనే మాటనే, ఊళ్లో అందరూ అనేదాన్నే, ఆవిడా అన్నారు. ఉదయం అంత నిదానంగా చూపించిన మనిషి, వెనుక ఇంకో బృందం వేచి ఉందంటూ ఇక్కడ మమ్మల్ని తొందరపెట్టారు. ఏనుగు పాదాలతో చేసిన పీటల దగ్గర పిన్ని మనసు చివుక్కుమని ముఖం తిప్పుకున్నప్పుడు, ఆ కాలపు వేట గురించి రెండు మాటలు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. ఈ భవనంలో నాకు నిజంగా నచ్చినది కింది అంతస్తు ముంగిలిలో నీలి పింగాణీ పలకలు పరచిన రాతి అరుగు. అక్కడ ఎండ వాలుతున్నప్పుడు పది నిమిషాలు కూర్చోవడానికి గైడు అక్కరలేదు.

ఇక ఆ మూసి ఉండే గదుల సంగతి. అవి తెరుచుకోలేదు. అనుమతి రాలేదని మాకు చెప్పింది టిక్కెట్లు తీసుకుని లోపలికి వచ్చిన తరువాత. ముందు రోజే తెలిసి ఉండవలసిన విషయం అది. నాకు బాధ కలిగించింది గదులు చూడలేకపోవడం కాదు, ఆ గదుల ఆశ చూపి డబ్బు తీసుకోవడం. నిర్వాహకులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. రెండు వారాల తరువాత మనిషికి 200 చొప్పున తిరిగి ఇచ్చారు. ఇటువంటి యాత్రకు డబ్బు కట్టేవారు, ఏ గది, ఏ రోజు, అనుమతి ఇచ్చేది ఎవరు అన్న మూడింటినీ ముందే వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. జవాబు తప్పించుకుంటే ఆ గది లేదనే అనుకోవాలి.

అయినా ఆ 8,400 పూర్తిగా వృథా అని నేను అనను. అందులో టిప్పు ప్యాలెస్‌లో గడిపిన గంటన్నర విలువైనది. బెంగళూరు ప్యాలెస్‌లో గడిపిన రెండు గంటలు మామూలు టిక్కెట్టుతో సరిపోయేవి. లోపల వస్తువులు నిండుగా ఉన్న భవనం తన కథను చాలావరకు తానే చెప్పుకుంటుంది. ఖాళీ గోడల ముందు మాత్రం, ఎక్కడ వంగాలో, లైటు ఏ వైపు నుంచి పట్టాలో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. గైడు కోసం డబ్బు దాచుకునేవారు దాన్ని ఖాళీ కట్టడాలకే దాచుకోవాలని నా అభిప్రాయం.

సంక్రాంతికి మా తమ్ముడి కుటుంబం వస్తోంది. వాళ్లకు బెంగళూరు ప్యాలెస్‌కు మామూలు టిక్కెట్లే కొంటాను. టిప్పు ప్యాలెస్‌కు మాత్రం ఆ కోలారు ఆవిడనే రెండు గంటలకు విడిగా మాట్లాడుకున్నాను. బృందం మొత్తానికి 1,500 అడిగారు, సరేనన్నాను. తిరుగు ప్రయాణంలో పెనుకొండలో ఆగి, విజయనగర రాజులు వేసవిలో విడిది చేసిన గగన్ మహల్‌ను తనే వాళ్లకు చూపిస్తానని బాబాయి చెప్పారు. అక్కడా గదులు ఖాళీయే. ఫోను చార్జింగు పెట్టుకుని రమ్మన్నారు, గోడ మీదికి పక్క నుంచి లైటు పట్టడానికి.