ఇన్సెంటివ్ సాఫ్ట్‌వేర్‌లో జాబ్ టైటిళ్లు: ఆరేళ్లు వాడాక

నల్లగొండలో విత్తనాలు, పురుగు మందులు అమ్మే ఒక కంపెనీ బ్రాంచిలో పనిచేస్తాను. కోదాడ నుంచి గద్వాల దాకా ఫీల్డ్‌లో తిరిగే 72 మందికి మూడు నెలలకోసారి ఇన్సెంటివ్ ఎవరికెంత రావాలో తేల్చి, జీతాల సెక్షన్‌కు పంపడం నా పని. 2019 దాకా ఈ లెక్కంతా ఎక్సెల్‌లోనే చేసేవాళ్లం. ఆ ఏడాది హెడ్డాఫీసు వాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాని పేరు రాయను. మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో తిట్టాల్సినవీ అన్నే ఉన్నాయి, పైగా కాంట్రాక్టు ఇంకా నడుస్తోంది.

కొనే ముందు డెమోలో రంగురంగుల గ్రాఫులు చూపించారు. ఫోన్‌లో ఎవరి ఇన్సెంటివ్ వాళ్లు ఎలా చూసుకోవచ్చో చూపించారు. జాబ్ టైటిళ్ల పేజీ మాత్రం ఎవరూ తెరవలేదు. మేమూ అడగలేదు. చూస్తే నాలుగు గడులు, ఒక సేవ్ బటన్, అంతే. ఈ ఆరేళ్లలో నాకు టెన్షన్ పెట్టింది ఎక్కువగా ఆ పేజీయే. అందుకే ఈ సమీక్ష దాని గురించే.

ముందు అది పనిచేసే పద్ధతి చెప్తాను. దేవరకొండ సేల్స్ ఆఫీసర్ అనే కుర్చీ ఒకటి ఉందనుకోండి. సాఫ్ట్‌వేర్ భాషలో అది పొజిషన్. అందులో ఈ రోజు ఒకరు కూర్చుంటారు, ఏడాది తర్వాత ఇంకొకరు. ఆ కుర్చీ వీపుకు తగిలించిన బిళ్ల టైటిల్. ఎంత అమ్మితే ఎన్ని పైసలు అనే ప్లాన్ మనిషికో కుర్చీకో ఉండదు, ఆ బిళ్లకు కట్టేసి ఉంటుంది. ఒకే బిళ్ల ఉన్న 38 కుర్చీలకు ఒకటే లెక్క. బిళ్ల మారిస్తే లెక్క మారిపోతుంది. ఇది నాకు మొదటి రోజే ట్రైనింగ్‌లో చెప్పారు. తలూపాను. నిజంగా అర్థమవడానికి రెండేళ్లు పట్టింది.

ఎక్సెల్ నుంచి మారేటప్పుడు మా పాత షీట్‌లో ఉన్న హోదాలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాం. మొత్తం 61 టైటిళ్లు. ఎందుకన్ని అంటే, ఊరి పేర్లు, జిల్లా పేర్లు కూడా టైటిల్‌లోనే రాసేవాళ్లం. 'ఎస్‌ఓ మహబూబ్‌నగర్ 1', 'ఎస్‌ఓ మహబూబ్‌నగర్ 2', 'ఎస్‌ఓ నల్లగొండ పత్తి', 'ఎస్‌ఓ నల్లగొండ వరి' ఇట్లా. ఎస్‌ఓ అంటే సేల్స్ ఆఫీసర్. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి. ఇటు మా దగ్గర్నుంచి సూర్యాపేట, యాదాద్రి పోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరు జిల్లా అయింది. మా షీట్‌లో మాత్రం 'మహబూబ్‌నగర్ 2' అనే ఆయన మక్తల్‌లో ఉండేవాడు. ఇంకొకాయన టైటిల్‌లో నల్లగొండ అని ఉంటే ఆయన తిరిగేదేమో హుజూర్‌నగర్‌లో. కొత్తగా చేరిన వాళ్లకు ఏ బిళ్ల తగిలించాలో నాకే తెలిసేది కాదు.

ఆ 61ని 14కు తెచ్చాం. అందుకు పెట్టుకున్న నియమం ఒక్కటే: లెక్క కట్టే పద్ధతి వేరైతేనే వేరే టైటిల్. అంకెలు మాత్రమే వేరైతే అది టార్గెట్‌లో చూసుకోవాలి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద వరి మందులు ఎక్కువ పోతాయి, మునుగోడు వైపు పత్తి విత్తనం ఎక్కువ పోతుంది. ఇద్దరు సేల్స్ ఆఫీసర్ల సరుకు వేరు, సీజన్ వేరు. కానీ స్లాబులు ఒకటే. టార్గెట్‌లో 80 శాతం దాటితే ఇన్సెంటివ్ మొదలు, నూరు దాటితే ఒకటిన్నర రెట్లు. కాబట్టి టైటిల్ కూడా ఒకటే ఉండాలి. కాల్వకు నీళ్లు రాని సీజన్‌లో మా మేనేజర్ సార్ "వాళ్లకు కొత్త టైటిల్ ఒకటి చేసి స్లాబ్ తగ్గిద్దామా అమ్మా" అన్నారు. వద్దన్నాను. టార్గెట్ తగ్గించాం, పని అయిపోయింది. ఆ రోజు సరే అని ఉంటే ఆ టైటిల్ ఇప్పటికీ లిస్టులో ఉండేది. నీళ్లొచ్చాక దాన్ని తీసేయడం ఎవరికీ గుర్తుండదు.

ఇక నేను చేసిన తప్పు. 2021లో సూర్యాపేట సేల్స్ ఆఫీసర్‌కు ప్రమోషన్ వచ్చింది, సీనియర్ సేల్స్ ఆఫీసర్ అన్నారు. హెచ్‌ఆర్ మెయిల్ వచ్చిన రోజు వేరే పని మీద హడావుడిలో ఉన్నాను. టైటిల్ పేజీ తెరిచి, 'సేల్స్ ఆఫీసర్' అన్నచోట ముందు 'సీనియర్' చేర్చాను. సీనియర్లకు 80 బదులు 90 శాతం నుంచి ఇన్సెంటివ్ మొదలు కాబట్టి ప్లాన్ కూడా దానికి తగ్గట్టు మార్చి సేవ్ కొట్టాను. ఒక్క మనిషి కుర్చీకి బిళ్ల మార్చాల్సింది పోయి, బిళ్ల మీది రాతే మార్చానన్నమాట. 38 మంది ఒకేసారి సీనియర్లు అయిపోయారు. అందులో 80కీ 90కీ మధ్య ఉన్నవాళ్లు 11 మంది. వాళ్లందరి ఇన్సెంటివ్ సున్నా.

స్టేట్‌మెంట్లు రాత్రి వెళ్లాయి. పొద్దున ఏడు కాకముందే అలంపూర్ నుంచి ఫోన్.

"అక్కా, నాకు ప్రమోషన్ వచ్చిందా?"

"లేదు తమ్ముడూ, ఎందుకు?"

"స్టేట్‌మెంట్‌ల సీనియర్ అని ఉంది. పైసలేమో సున్నా ఉన్నయి. గిదేం ప్రమోషనక్కా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆఫీసుకు వెళ్లేసరికి ఇంకో తొమ్మిది మిస్డ్ కాల్స్. పాత పేరు, పాత ప్లాన్ తిరిగి పెట్టి, మూసేసిన క్వార్టర్‌ను హెడ్డాఫీసు అనుమతితో మళ్లీ తెరిపించి, మొత్తం లెక్క మళ్లీ నడిపించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ సేవ్ కొట్టేటప్పుడు 'ఈ టైటిల్ మీద 38 మంది ఉన్నారు, అందరికీ మారుతుంది' అని ఒక్క మాట అడిగి ఉంటే నేను ఆగేదాన్ని. చిన్న స్పెల్లింగు దిద్దినా, ఊరందరి ప్లాన్ మార్చినా ఈ సాఫ్ట్‌వేర్‌కు ఒకటే. పచ్చ రంగులో టిక్ పెట్టి ఊరుకుంటుంది.

ఇంకో పెద్ద చిక్కు తేదీలతో. నిజానికి ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది కూడా తేదీలే. ఎవరికి ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఏ టైటిల్ ఉందో అది పదిలంగా పెడుతుంది. రెండేళ్ల కిందటి రోజు అడిగినా ఆ రోజున్న టైటిలే చూపిస్తుంది. ఎక్సెల్‌లో ఈ చరిత్ర ఉండేది కాదు, కొత్తది కొట్టగానే పాతది పోయేది. కానీ ముగింపు తేదీ అనే గడి దగ్గర చిన్న మెలిక ఉంది. అక్కడ జూలై 31 అని కొడితే మనం 31 కూడా కలిపి అనుకుంటాం. ఈ సాఫ్ట్‌వేర్‌కేమో 30తోనే అయిపోయినట్టు. కొత్తది ఆగస్టు 1 నుంచి మొదలు. నడుమ 31వ తారీఖు ఎవరిదీ కాదు.

మా వ్యాపారంలో నెలాఖరు రోజంటే జాతరే. నెలంతా నానబెట్టిన డీలర్లు ఆ రోజే బిల్లు కొట్టిస్తారు. దేవరకొండ సేల్స్ ఆఫీసర్‌కు టెరిటరీ మేనేజర్‌గా ప్రమోషన్ ఇచ్చినప్పుడు నేను తేదీలు అట్లాగే కొట్టాను. ఆ జూలై 31న ఆయన పేరు మీద అయిన బిల్లింగ్ 6 లక్షల 40 వేలు. అదంతా 'కేటాయించనివి' అని ఎక్కడో మూలన పడి ఉన్న ఒక రిపోర్టులోకి వెళ్లి కూర్చుంది. ఆ రిపోర్టు మనంతట మనం తెరిస్తేనే కనిపిస్తుంది. ఆయన ఊరుకునే మనిషి కాదు. పదకొండు బిల్లులు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపించాడు, ఒక్కోదాని మీద తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మరీ. అప్పట్నుంచి ప్రతి క్వార్టర్ మూసే ముందు నేను చేసే మొదటి పని ఆ మూల రిపోర్టు తెరవడం.

అది సరిచేశాక కూడా ఆయన వదల్లేదు. ఈసారి గొడవ 43 రూపాయలకు. సేల్స్ ఆఫీసర్‌గా నూరు శాతం చేస్తే క్వార్టర్‌కు 18,000, టెరిటరీ మేనేజర్‌గా అయితే 30,000. ఆయన లెక్క: ఒక నెలకు 6,000, రెండు నెలలకు 20,000, కలిపి 26,000. సాఫ్ట్‌వేర్ నెలలు చూడదు, రోజులు చూస్తుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు కలిపి 92 రోజులు. అందులో 31 రోజులు పాత టైటిల్, 61 రోజులు కొత్త టైటిల్. అట్లా 6,065, 19,891 వచ్చాయి. రెండింటిలో వదిలేసిన పైసలు కూడా కలిపి దగ్గరి రూపాయికి సరిచేస్తే 25,957. ఆయన ఆఫీసుకు వచ్చినప్పుడు కాగితం మీద వేసి చూపించాను. చాయ్ తాగినంతసేపు చూసి, "గట్లయితే ఫిబ్రవరిల ప్రమోషన్ తీసుకునేటోడికి లాభమా నష్టమా అక్కా" అన్నాడు. మంచి ప్రశ్నే. రోజులతో కట్టాలా, నెలలతో కట్టాలా అనేది సెట్టింగ్‌లో మార్చుకోవచ్చు. కొత్తగా పెట్టుకునేవాళ్లు అది మొదటి రోజే తేల్చుకుని అందరికీ చెప్పేయండి. తర్వాత చెప్తే మీరే ఏదో కోసినట్టు చూస్తారు.

విత్తనాల వ్యాపారంలో ఇంకో తలనొప్పి వాపసు సరుకు. జూన్‌లో డీలర్ల దుకాణాలకు చేరిన పత్తి ప్యాకెట్లలో అమ్ముడుపోనివి సీజన్ అయ్యాక వెనక్కొస్తాయి. ఆ మేరకు ఇన్సెంటివ్ కోయాలి. మేం మొదట వాపసు వచ్చిన తేదీ ప్రకారం కోసేటట్టు పెట్టాం. అక్టోబరులో దేవరకొండ కుర్చీలో ఉన్నది కొత్తగా చేరిన పిల్లాడు. అమ్మింది పాతాయన, కోత పడింది ఈ పిల్లాడికి. చేరిన రెండో నెలలోనే మైనస్ స్టేట్‌మెంట్ చూసి వాళ్ల నాన్న కూడా ఫోన్ చేశాడు. ఇప్పుడు అసలు బిల్లు తేదీ పట్టుకుని, ఆ రోజు ఆ కుర్చీలో ఎవరున్నారో, ఏ టైటిల్ ఉందో వాళ్లకే కోస్తున్నాం. సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం ముందు నుంచీ ఉంది. ఎక్కడుందో వెతకడానికి నాకు సపోర్టు వాళ్లతో నాలుగు రాత్రులు పట్టింది, ఎందుకంటే వాళ్లు జవాబిచ్చేది మనం పడుకున్నాక.

టైటిల్ పేరు చివర ఖాళీ ఉంటే అది వేరే టైటిల్ అనుకుంటుంది. హెచ్‌ఆర్ ఇచ్చిన ఎక్సెల్‌లో 'ఫీల్డ్ అసిస్టెంట్' తర్వాత ఎవరో స్పేస్ బార్ ఒకసారి ఎక్కువ నొక్కారు. ప్లాన్ లేని కొత్త టైటిల్ ఒకటి పుట్టి ముగ్గురికి పైసలు రాలేదు. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, అదీ బాధ. అప్‌లోడ్ చేసే ముందు ఎక్సెల్‌లో అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫార్ములా వేయడం ఇప్పుడు నాకు అలవాటైపోయింది.

విజిటింగ్ కార్డు సంగతి కూడా చెప్పాలి. మా వాళ్లందరికీ కార్డు మీద 'మేనేజర్' అని ఉండాలి. లేకపోతే డీలర్ కుర్చీ వేయడు అంటారు. పిల్లను చూడటానికి వెళ్లినా అదే అడుగుతారట. మొదట్లో ఒకరిద్దరి మాట కాదనలేక 'ఏరియా మేనేజర్' అని టైటిల్ చేసిచ్చాను. లెక్క మాత్రం సేల్స్ ఆఫీసర్‌దే. కొన్నాళ్లకు లిస్టులో నిజం మేనేజర్లెవరో, కార్డు మేనేజర్లెవరో నాకే తికమక. ఇప్పుడు కార్డు పేరు కోసం ఉద్యోగి వివరాల్లో వేరే గడి ఒకటి పెట్టించాను. అందులో ఎవరికేం కావాలంటే అది రాస్తాను, జనరల్ మేనేజర్ అన్నా సరే. లెక్కకు దాంతో సంబంధం ఉండదు.

మిగతావి క్లుప్తంగా. ఎవరు ఏ రోజు ఏ గంటకు ఏం మార్చారో లాగ్ ఉంటుంది. దాన్నుంచి తప్పించుకోలేం, నేనూ తప్పించుకోలేదు. వాడిన టైటిల్‌ను తీసేయనివ్వదు, ముగింపు తేదీ వేసి పక్కన పెట్టాలి. ఇది మంచి పద్ధతి. తెలుగులో టైటిల్ రాస్తే స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, పీడీఎఫ్‌లో మాత్రం డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. ఆరేళ్లుగా అడుగుతున్నాం.

ఇరవై మంది లోపు సేల్స్ వాళ్లుంటే ఇంత ఖర్చు అక్కర్లేదు, ఎక్సెల్‌లో తేదీల కాలమ్ ఒకటి పెట్టుకుంటే చాలు. యాభై దాటి, ప్రమోషన్లు, బదిలీలు తరచూ ఉంటే ఇది కావాలి. నేనైతే వెనక్కి ఎక్సెల్‌కు వెళ్లను. కొనేవాళ్లు డెమోలో టైటిల్ పేజీ తెరవమనండి. పది మంది ఉన్న టైటిల్ పేరు మీ ముందే మార్చమనండి. అది ఏమైనా అడుగుతుందో, గమ్మున సేవ్ చేసుకుంటుందో చూడండి.

ఏప్రిల్‌లో మా కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది. 'ఇంతమందికి మారుతుంది, సరేనా' అని అడిగే ఆ ఒక్క డబ్బా పెట్టమని మళ్లీ రాశాను. జాబితాలో చేర్చామని జవాబు వచ్చింది, రాత్రి రెండున్నరకు.