నాన్న చివరి 5 వారాలు, ఇంటికొచ్చిన హాస్పిస్ టీమ్: మా అనుభవం

రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి 4. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద రాస్తాను. పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, ఒక్క మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి ఒక సంస్థ మీద ముద్ర వేయడం నాకిష్టం లేదు. జబ్బు ఇక నయం కాదని తేలాక ఇంటికొచ్చి బాధ తగ్గించే ఇలాంటి సేవ పెట్టించుకోవాలా వద్దా అని సతమతమవుతున్న వాళ్ళకి పేరు కంటే వాళ్ళు వచ్చి అసలేం చేస్తారో తెలియడమే ఎక్కువ ఉపయోగం.

నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మందు మార్చి ఇచ్చిన కీమో కూడా పనిచేయలేదని తేలాక డాక్టర్ గారు ఒక కాగితం మీద రాసిచ్చి "ఇక హాస్పిస్ వాళ్ళతో మాట్లాడండి" అన్నారు. తమ్ముడు అక్కడే లేచి నిలబడ్డాడు, "అంటే చేతులెత్తేసినట్టేనా?" అని. ఆ కాగితం సొరుగులో పడేసి ఇంకో 7 వారాలు ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. ఎమర్జెన్సీకి 4 సార్లు వెళ్ళాం, 4 సార్లూ అవే ఎక్స్‌రేలు, అవే రక్త పరీక్షలు, స్ట్రెచర్ మీద గంటల తరబడి పడిగాపులు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు చెప్పేది ఇదే, మేం ఆలస్యంగా పిలిచాం.

హాస్పిస్, పాలియేటివ్ కేర్ రెండూ ఒకటే అనుకుని మేం రెంటికీ దూరంగా ఉన్నాం. పాలియేటివ్ కేర్ జబ్బు బయటపడిన మొదటి రోజు నుంచే, కీమో నడుస్తుండగానే తీసుకోవచ్చు, నొప్పీ ఆయాసమూ తగ్గించే వైద్యం అది. జబ్బు మీద పోరాటం ఇక ఆపేద్దాం అనుకున్న దశలో వచ్చేది హాస్పిస్. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళ మీద ఒక అధ్యయనం వచ్చింది. మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్ళలో సగం మంది 11.6 నెలలకి పైగా బతికితే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో సగం మంది 8.9 నెలలకి పైగా బతికారట. ఇది నేను నాన్న పోయాక చదివాను. ముందే చదివుంటే తమ్ముడి ముందు పెట్టేదాన్ని.

మొదటి రోజు వచ్చిన నర్సు నా చేతిలోని ఫైలు తీసుకోలేదు. కుర్చీ లాక్కుని నాన్న మంచం పక్కన కూర్చుని "సార్, మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేంటి?" అని అడిగింది. నొప్పి అంటారని మేమంతా అనుకున్నాం. నాన్న చాలాసేపు ఊరుకుని, "నిద్రపోతే ఊపిరాడక అట్లాగే పోతానేమోనని రాత్రంతా మేలుకునే ఉంటున్నానమ్మా" అన్నారు. అదే గదిలో కింద చాప మీద పడుకుంటున్న నాకు ఆ మాట తెలియదు. అన్ని నెలల్లో మేం ఎవరమూ అడగలేదు కూడా, అడిగిందల్లా తిన్నారా, మందులేసుకున్నారా అనే.

ఆ రోజే మార్ఫిన్ సిరప్ మొదలుపెట్టారు. మార్ఫిన్ అనగానే నాకు గుండె ఆగినంత పనయింది, దాంతో మనిషిని నిద్రపుచ్చి పంపించేస్తారని ఎక్కడో విన్నాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది, తక్కువ మోతాదులో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోతే అది ప్రాణం తీయదు, అదే మందు ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది అని. నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వకూడదు, 4 గంటలకోసారి గడియారం చూసి ఇచ్చేయాలి, మధ్యలో నొప్పి తన్నుకొస్తే విడిగా ఇంకో డోసు. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు ఖాయం కాబట్టి విరేచనం మందు కూడా అదే రోజు నుంచి మొదలు. ఇది తెలియక మార్ఫిన్ మొదలుపెట్టిన 5 రోజులకి కడుపు ఉబ్బి నానా బాధా పడినవాళ్ళ కథలు నేను తర్వాత చాలా విన్నాను. ఇంకోటి, ఆయాసం వచ్చినప్పుడు చిన్న ఫ్యాన్ ముఖానికి తగిలేలా పెట్టమంది. ఇదేం వైద్యం అనుకున్నాను గానీ చెంపల మీద గాలి తగులుతుంటే నాన్న భుజాలు కిందికి దిగడం నా కళ్ళతో చూశాను. మూడో రాత్రి ఆయన 5 గంటలు నిద్రపోయారు.

గడియారం చూసి మార్ఫిన్ ఇచ్చే పద్ధతిని నిలబెట్టిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సినావిడ సిసిలీ సాండర్స్. ముందు నర్సు, తర్వాత ఆస్పత్రి సోషల్ వర్కర్, ఆ తర్వాత చదువుకుని డాక్టరైంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది, ఇప్పుడు మనం హాస్పిస్ అంటున్నది అక్కడి నుంచి వచ్చిందే. రోగి నొప్పి ఒంట్లోనే ఉండదు, మనసుది, ఇంటి బాధ్యతలది, దేవుడి మీద ప్రశ్నలది, అన్నీ కలిసి ఒకటే నొప్పి అనేది ఆవిడ. రాత్రంతా మేలుకుని ఉన్న నాన్నని చూశాక ఆ మాట నాకు పుస్తకంలో మాటలా అనిపించలేదు.

నా దృష్టిలో 4 స్టార్లలో 3 ఒక్క పనికే. ముందు ముందు ఏం జరగబోతోందో వాళ్ళు ముందే చెప్పారు. ఒకరోజు నర్సు వంటగదిలో నన్నూ అమ్మనీ తమ్ముడినీ కూర్చోబెట్టి, నిద్ర పెరుగుతుంది, తిండి తగ్గుతుంది, తర్వాత నీళ్ళు కూడా వద్దంటారు, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, మోకాళ్ళ దగ్గర చర్మం ఊదా రంగులో మచ్చలు మచ్చలుగా అవుతుంది, ఊపిరి మధ్యలో ఆగి ఆగి వస్తుంది అని వరసగా చెప్పింది. అమ్మ మధ్యలో లేచి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఆ నర్సు మీద కోపం కూడా వచ్చింది, ఇంత పచ్చిగా చెప్పాలా అని. కానీ ఒక్కొక్కటీ జరిగినప్పుడు, ఇది ఆవిడ చెప్పిందే కదా అనుకున్నాం, అంబులెన్స్‌కి ఫోన్ చేయలేదు.

తిండి దగ్గరే ఎక్కువ గొడవైంది. నాన్న నోరు తెరవకపోతే అమ్మ స్పూనుతో పెదాలు విడదీసేది. సెలైన్ అయినా పెట్టించమని తమ్ముడు. డాక్టర్ వచ్చి చెప్పారు, తినకపోవడం వల్ల ఆయన పోవడం లేదు, ఒళ్ళు ఆగిపోతోంది కాబట్టి తిండి అక్కర్లేకుండా పోతోంది, ఈ దశలో సెలైన్ ఎక్కిస్తే ఒంటికి నీరు పట్టి ఛాతీలో గరగర పెరగొచ్చు అని. బదులుగా అమ్మ చేతికి ఒక పని ఇచ్చారు. గంటకోసారి తడి స్పాంజితో నోరు తుడవడం, పెదాలకి జెల్ రాయడం. ఆ పని దొరికాక అమ్మ స్పూను పక్కన పెట్టింది. ఎవరు శిక్షణ ఇచ్చారో తెలియదు గానీ ఆ డాక్టర్‌కి నేను రుణపడి ఉన్నాను.

వెంటిలేటర్ వద్దు, గుండె ఆగితే ఛాతీ నొక్కి లేపే ప్రయత్నాలు వద్దు అనే కాగితం నాన్న చేతే, ఆయన తెలివిగా ఉన్నప్పుడే రాయించారు. "నన్ను కాదు, వాణ్ణి ఒప్పించండి" అన్నారు నాన్న తమ్ముడి వైపు చూసి. వాడికి సోషల్ వర్కర్ విడిగా రెండు సార్లు సమయం ఇచ్చింది. వాడు ఒప్పుకున్నాడని చెప్పను, అడ్డుపడటం మానేశాడు.

ఇక ఆ పోయిన స్టార్ సంగతి. గాలి నింపే పరుపు రేపు వస్తుంది రేపు వస్తుంది అంటూ 4 రోజులు చేశారు. ఆ లోపు నడుం కింద చర్మం ఎర్రబడి పుండు మొదలైంది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నా ఆగలేదు. చివరిదాకా ఆ పుండు మానలేదు, దీన్ని నేను క్షమించలేకపోతున్నాను. రెండోది రాత్రి ఫోన్. 24 గంటలూ అందుబాటు అన్నారు, నిజమే, ఎత్తుతారు. కానీ ఎత్తిన మనిషి కాల్ సెంటర్ మనిషి, నర్సు తిరిగి చేయడానికి 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాలూ నాన్న దుప్పటి లాగేస్తూ, లేచి వెళ్ళాలని పెనుగులాడుతూ ఉన్నారు. చివరి రోజుల్లో కొందరికి ఇలాంటి కలవరం వస్తుందని, దానికి మందు ఉందని మాకు చెప్పారు, కానీ ఆ మందు ఇంట్లో పెట్టలేదు. మర్నాడు పొద్దున తెచ్చి పెట్టారు. మూడోది, శనాదివారాల్లో వచ్చే నర్సుకి మా కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది.

అందుకే మీరు ఎవరినైనా పెట్టుకునే ముందు మర్యాదలకి పోకుండా అడగండి, రాత్రి 2 గంటలకి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు, మనిషి వస్తారా లేక ఫోన్లోనే చెప్తారా, వస్తే ఎంతసేపట్లో. కలవరానికీ గొంతులో గరగరకీ వాడే మందులు ముందే ఇంట్లో పెడతారా. ప్రాణం పోయినప్పుడు వచ్చి ధ్రువీకరించేది ఎవరు, ఇది అడగడానికి నోరు రాదు గానీ ఆ రోజు ఇది తెలియకపోతే మహా టెన్షన్. మీ కోసం, అంటే చూసుకునేవాళ్ళ కోసం, ఎవరైనా వచ్చి కూర్చుంటారా అనేది కూడా. మాకు వారానికోసారి ఒక వాలంటీర్ వచ్చి 3 గంటలు నాన్న దగ్గర ఉండేది. మొదటిసారి నేను బయటికి వెళ్ళి ఏం చేయాలో తోచక కారులో పడుకుని నిద్రపోయాను.

చివరి రెండు రోజులు మింగలేకపోయారు కాబట్టి చర్మం కింద సన్నని సూది పెట్టి చిన్న పంపుతో 24 గంటలకి సరిపడా మందు నెమ్మదిగా ఎక్కించారు. గొంతులో గరగర మొదలైంది. వినడానికి ఘోరంగా ఉంటుంది, దాస్తే ఏం లాభం. మింగలేక గొంతులో నిలిచిన తేమ అది, ఆ స్థితిలో ఆయనకి దాంతో బాధ తెలియకపోవచ్చు, మీకే కష్టంగా ఉంటుంది అన్నారు. పక్కకి తిప్పి పడుకోబెడితే కొంచెం తగ్గింది. వినికిడి ఆఖరి దాకా ఉండొచ్చు, మాట్లాడుతూ ఉండండి అంటే తమ్ముడు వాడి ఆఫీసు సంగతులు చెప్తూ కూర్చున్నాడు, ఇంకేం చెప్పాలో తెలియక. తెల్లవారుజామున ఊపిరి ఆగింది, మళ్ళీ వస్తుందని చూశాం, రాలేదు.

నర్సు గంటలోపే వచ్చింది. పంపు తీసేసి, మిగిలిన మార్ఫిన్ కొలిచి, మా ఎదుటే పారబోసి నాతో సంతకం పెట్టించుకుంది. ఒళ్ళు తుడిచేటప్పుడు కూడా "సార్, కొంచెం ఇటు తిప్పుతున్నా" అని చెప్తూనే తిప్పింది.

రెండు వారాలకి ఒక ఫోన్ వచ్చింది, కాగితం చూసి చదువుతున్నట్టు తెలిసిపోయింది, నిద్ర పడుతోందా ఆకలి వేస్తోందా అని. అప్పుడే 3 స్టార్లకి దించేద్దామనుకున్నాను. రెండో నెలలో ఇంకో ఫోన్, ఈసారి ఆ వాలంటీర్. నన్ను కాదు, అమ్మని అడిగింది. తలుపు వేసుకుని అమ్మ 40 నిమిషాలు మాట్లాడింది. బయటికొచ్చి ఫోన్ నా చేతికిస్తూ "మళ్ళీ ఎప్పుడు చేస్తుందో అడిగావా?" అంది.