సెఫారియా సమీక్ష: బలి, బంతిభోజనం, రాజీ వెతికేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

హీబ్రూ గ్రంథాల్లో అయినవాళ్ల మధ్య తగువు తీరినచోట తరచూ ఒక భోజనం కనిపిస్తుంది. చాలాసార్లు దాని వెనకే ఒక బలి కూడా ఉంటుంది. చెప్పకుండా వెళ్లిపోయిన అల్లుడు యాకోబును మామ లాబాను వెంటాడి, చివరికి ప్రమాణం చేసి ఒప్పందానికొచ్చిన కథ అలాంటిదే. మోషే మామ యిత్రో బలులర్పించాక అహరోను, పెద్దలు అతనితో కలిసి భోంచేసిన ఘట్టమూ (నిర్గమ 18:12) అంతే. చిక్కేమిటంటే కథ ఒక పుస్తకంలో ఉంటుంది, ఆ మాంసంలో ఎవరి వాటా ఎంతో చెప్పే నియమం ఇంకో పుస్తకంలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప బలికీ బంతికీ ఉన్న ముడి తెలియదు. యూదు గ్రంథాల ఆన్‌లైన్ లైబ్రరీ సెఫారియా బాగా చేసే పని అదే.

ఇది లాభాపేక్ష లేని సంస్థ. 2011లో జాషువా ఫోయర్, బ్రెట్ లాక్‌స్పైజర్ మొదలుపెట్టారు. తనఖ్ (హీబ్రూ బైబిలు) మొత్తం, మిష్నా (యూదు నియమాల సంకలనం), దానిమీద చర్చలున్న తాల్ముడ్, మధ్యయుగపు వ్యాఖ్యానాలు సైట్‌లోనూ యాప్‌లోనూ ఉచితంగా చదవచ్చు, ఖాతా అక్కర్లేదు. మెనూలు ఇంగ్లిష్, హీబ్రూల్లో ఉంటాయి కాబట్టి తెలుగు బైబిలు పక్కన పెట్టుకునే కూర్చోవాలి.

వాడటం తేలికే. వెతికే పెట్టెలో పుస్తకం పేరు ఇంగ్లిష్‌లో, అధ్యాయం, వచనం సంఖ్యలు కొట్టాలి. వచనం మీద నొక్కితే పక్కన ఒక పలక తెరుచుకుంటుంది. అందులో 'కామెంటరీ' కింద రాషి లాంటి వ్యాఖ్యాతలు, దాని చుట్టుపక్కలే మిష్నా, తాల్ముడ్, మిద్రాష్ (పాత యూదు వివరణలు) లంకెలు ఉంటాయి. ఆదికాండం 31:54తో మొదలుపెట్టండి. యాకోబు కొండమీద బలి అర్పించి బంధువులను భోజనానికి పిలిచాడని అక్కడ ఉంది. రాషి (1040–1105) మాత్రం ఇది విందు కోసం పశువులను కోయడమేనని, 'సహోదరులు' అంటే లాబాను వెంట వచ్చిన స్నేహితులని తేల్చేస్తాడు. అక్కడే ఆగిపోకుండా పైకి జరిపి 31:46 చూడండి. ప్రమాణానికి ముందే రాళ్లకుప్ప దగ్గర ఒకసారి తిన్నారు. ప్రమాణం, బలి అయ్యాక ఇంకోసారి తిన్నారు. లాబాను లాంటి మామతో ఒక పూట భోజనం చాలలేదు మరి!

మనవాళ్లు తడబడేది వచన సంఖ్యల దగ్గర. 31:28లో లాబాను ఫిర్యాదేమిటి? కుమారులనూ కుమార్తెలనూ ముద్దు పెట్టుకోనివ్వలేదని. తెల్లారాక వాళ్లను ముద్దు పెట్టుకుని, దీవించి వెళ్లిపోతాడు. అంటే ఆ ఫిర్యాదు తీరింది భోంచేసి పడుకుని లేచాకే. తెలుగు బైబిల్లో అది 31:55. హీబ్రూ లెక్కలో 31వ అధ్యాయం 54తోనే అయిపోతుంది, ఆ ముద్దు 32:1కి వెళ్తుంది. సెఫారియాది హీబ్రూ లెక్క కాబట్టి 31తో ఆపేస్తే రాజీ సగమే చదివినట్టు. లేవీయకాండంలోనూ ఇదే తంటా. పొరుగువాడి సొత్తు అపహరించినవాడు ముందు అసలుకు అయిదో వంతు కలిపి తిరిగిచ్చి, ఆ తర్వాత పొట్టేలు తేవాలన్న నియమం మనకు 6:1–7, అక్కడ 5:20–26. తండ్రుల హృదయాలను పిల్లల తట్టు తిప్పుతాడన్న మలాకీ 4:6 అక్కడ 3:24. వచనం దొరకకపోతే ఒక అధ్యాయం ముందుకో వెనక్కో చూడండి.

సెఫారియా నిజంగా అక్కరకొచ్చేది సమాధానబలి దగ్గర. లేవీయకాండం 3 తెరవండి: రక్తం బలిపీఠానికి, క్రొవ్వు నిప్పుకు. 7వ అధ్యాయం తెరవండి: బోర, కుడి జబ్బ యాజకులకు. మిగతా మాంసం తెచ్చినవాడిదే. సమాధానబలి మ్రొక్కుబడిగా తెస్తే మర్నాడు కూడా తినొచ్చు, మూడో రోజుకు మిగిలితే కాల్చేయాలి. కృతజ్ఞతార్పణ అయితే ఆ రోజే అయిపోవాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. అక్కడినుంచి మిష్నాలో మెనహోత్ అనే భాగం 7:1కి వెళ్తే కృతజ్ఞతార్పణతో తేవాల్సిన రొట్టెల లెక్క దొరుకుతుంది. పులిసినవి 10, పులియనివి మూడు రకాలు కలిపి 30, మొత్తం 40. ఎఫా అనే పాత కొలమానంలో పదో వంతు పిండిని ఒక కొలత అనుకుంటే, పులిసినవాటికి 10 కొలతలు, పులియనివాటికి 10 కొలతలు. యాజకుడికి రకానికొకటి చొప్పున 4 (2 కొలతలు) పోగా 36 మిగులుతాయి, అంటే 18 కొలతల పిండి. ఎఫాలో పదో వంతంటే ఒక ఓమెరు. అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం మన్నా తలకు రోజుకు ఒక ఓమెరు. ఆ లెక్కన 18 మంది ఒక రోజంతా తినే తిండి, పైగా ఒక పశువు మాంసం, అదంతా తెల్లారేలోగా అయిపోవాలి. మిష్నా (జెవహిమ్ 5:6) గడువును అర్ధరాత్రికే కుదించింది. పొడిమాటల వాళ్లను కూడా పిలవక తప్పదు. రాజీ పడమని ఈ నియమం చెప్పదు, ఒంటరిగా తినే వీలు మాత్రం ఉంచదు.

యోసేపు కథకు ఈ పద్ధతి అంతగా నప్పదు. ఆదికాండం 43 భోజనంలో బలి లేదు కాబట్టి 'బలి' అన్న మాటతో వెతికితే అది దొరకదు. తమ్ముడు యోసేపును గుంటలో పడేసి అన్నలు భోజనానికి కూర్చున్న 37:25ను, ఐగుప్తులో అదే యోసేపు ఇంట వేరువేరుగా వడ్డించిన 43:32ను మీరే జత చేసుకోవాలి. చేసుకున్నాక 43:34 మీద రాషి తెరవండి. యోసేపును అమ్మిన రోజునుంచి వాళ్లూ అతనూ ద్రాక్షారసం ముట్టలేదని, ఆ రోజే తాగారని అంటాడు. మూలంలో లేని మాటే, కానీ రెండు భోజనాలనూ ముడివేసే మాట.

లోపాలూ ఉన్నాయి. చాలా వ్యాఖ్యానాలకు ఇంగ్లిష్ అనువాదం లేదు. కొన్ని అనువాదాలు స్వచ్ఛందంగా చేసినవి, ఎవరివో 'ట్రాన్స్‌లేషన్స్' కింద చూసుకోవాలి. ఇంకో ప్రమాదం కాలం కలిసిపోవడం. మిష్నా సుమారు క్రీ.శ. 200 నాటిది, అప్పటికి దేవాలయం లేదు (70లో కూలింది). ఆ నియమాలను యాకోబు కొండమీదికి ఎక్కించకూడదు, కానీ పలకలో అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. తవ్వకాలు, ఇరుగుపొరుగు రాజ్యాల ఒప్పందాలు కావాలంటే ఇంకోచోట చూసుకోవాల్సిందే.

నలుగురితో కలిసి చదివేవాళ్లు ఖాతా తెరిచి 'సోర్స్ షీట్' (చదివే భాగాలను వరసగా పేర్చిన పేజీ) చేసుకోవాలి. హీబ్రూ లెక్కలో ఆదికాండం 31:44–32:1, లేవీయకాండం 3, 7:11–18, మెనహోత్ 7:1, చివర 1 సమూయేలు 1:4–8 ఈ వరసలో పెట్టండి. లేవీయకాండంతో మొదలుపెడితే సగంమంది నిద్రపోతారు. చివరిది మాత్రం వదలొద్దు, బలి మాంసం పంచిన చోటే పిల్లల్లేని హన్నా తినకుండా ఏడుస్తుంది. తెలుగు పాఠాన్ని కింద టైప్ చేసి చేర్చుకోవచ్చు. నెట్ లేనిచోట చదవాలంటే యాప్‌లో తనఖ్, మిష్నా వరకు దించుకుంటే చాలు.