చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి పదకొండేళ్లుగా తిరుగుతున్నాను

మా అక్కను పోర్ట్‌బ్లెయిర్‌కి ఇచ్చాం. బావ వాళ్లది శ్రీకాకుళం నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడిన కుటుంబం. నేను ఉండేది చెన్నై పెరంబూర్‌లో. ఏడాదికి రెండుసార్లయినా వెళ్లొస్తాను. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది కానీ, మా ఇంట్లో పాత పేరే నోట్లో ఆడుతుంది.

గాల్లో దూరం సుమారు 1,370 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్‌కి రెండుంపావు గంటలు, అటూ ఇటూగా. మొదటిసారి సామానంతా ఉందని ఓడలో వెళ్లాం, మూడు రోజులు పట్టింది. మళ్లీ ఓడ ఎక్కలేదు.

ఆ రెండుంపావు గంటలూ అన్ని నెలల్లో ఒకేలా ఉండవు. జూలై, ఆగస్టుల్లో వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది, వచ్చేటప్పుడు తొందరగా వచ్చేస్తాం. వానాకాలంలో కింద నైరుతి గాలి వీస్తుంటే, విమానం ఎగిరే ఎత్తులో మాత్రం గాలి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. ఒక ఆగస్టులో రెండు గంటలు నిండకుండానే మీనంబాక్కంలో దిగాను.

నా మాట వింటే పొద్దున్నే బయల్దేరే ఫ్లైటే తీసుకోండి. పోర్ట్‌బ్లెయిర్ మనకంటే పన్నెండున్నర డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. అంటే సూర్యుడు యాభై నిమిషాలు ముందుంటాడు. మొదటిసారి డిసెంబర్‌లో వెళ్లినప్పుడు సాయంత్రం ఐదింటికే చీకటి కమ్ముకుంటుంటే నేను వాచీ చూసుకుంటున్నాను. బావ నవ్వి, "ఏటిరా అలా చూస్తన్నావు, ఇక్కడ పొద్దు ఇలాగే గుంకుతాది" అన్నాడు. మధ్యాహ్నం దిగితే ఆ రోజు చేతికి రానట్టే.

వానల్లో వెళ్లేవాళ్లు ఒక రోజు చేతిలో ఉంచుకోండి. ఒక జూన్‌లో విమానం రెండుసార్లు దిగబోయి మళ్లీ పైకి లేచింది. కిటికీలోంచి తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. చివరికి చెన్నైకే తిరిగొచ్చాం. దగ్గర్లో దిగడానికి ఇంకో చోటు లేదు కాబట్టి వెనక్కి రావడానికి సరిపడా ఇంధనంతోనే వెళ్తారట. పైలట్ చేసింది సరైన పనే, దానికి దణ్ణం పెడతాను. బాధంతా దిగాక జరిగినదానికి. దాదాపు ఐదు గంటలు కూర్చుని వచ్చిన మమ్మల్ని ఆ విమాన సంస్థ కౌంటర్ దగ్గర నిలబెట్టి, మళ్లీ ఫ్లైట్ ఎప్పుడో కూడా చెప్పలేదు. నా పక్కన మనవణ్ణి ఎత్తుకున్న పెద్దావిడ కాళ్లు లాగి నేలమీదే కూలబడింది. టికెట్‌కి అంత డబ్బు తీసుకున్నవాళ్లు ఒక కుర్చీ వేయలేరా?

అక్కకి ఆవకాయ పట్టుకెళ్లడం నాకు అలవాటు. సీసా అంచుదాకా నింపి, మూత బిగించి బ్యాగులో పెడితే పైకెళ్లాక లోపలి గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది. రెండు చీరలు పాడయ్యాక పద్ధతి మార్చాం. ఇప్పుడు అమ్మ సీసా మెడ దగ్గర రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూత కింద పాలిథిన్ వేసి, చుట్టూ టేప్ తిప్పి, పాత తువ్వాలులో చుడుతుంది. చేతిసంచిలో అయితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, చెక్‌-ఇన్ బ్యాగులోనే వేయండి.

చలికాలం పొద్దుటి ఫ్లైట్‌లో వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ అడగండి, ఎండ కుడివైపు కొడుతుంది. గంటన్నరకు పైగా కింద ఒట్టి సముద్రమే. తర్వాత నీలంలోంచి పచ్చటి దీవులు ఒక్కొక్కటే తేలతాయి. ఇన్నేళ్లయినా ఆ సమయానికి నేను ఫోన్ పక్కన పెట్టేస్తాను.