కరక్కాయ నుంచి హోమియో మాత్రల దాకా: పద్దెనిమిదేళ్లు వాడాక

మాది అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద పల్లె. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అత్తయ్యగారి మందుల డబ్బా నేనే చూసుకుంటున్నా. శొంఠి, మిరియాలు, వాము, కరక్కాయలు, వసకొమ్ము, పక్కన హోమియో సీసాలు. అన్నీ వాడాను.

అన్నిట్లోకి పనికొచ్చింది కరక్కాయే. గొంతు గరగర మొదలవగానే చిన్న పెచ్చు బుగ్గన పెట్టుకుని ఊట మెల్లగా మింగుతుంటే పొడిదగ్గు కాసేపటికి సర్దుకుంటుంది, వగరు భరించాలి అంతే. కఫం పట్టేస్తే అడ్డసరం. మా దొడ్డి కంచె అంతా అదే, పశువులు ముట్టవు. నాలుగాకులు వేసి గ్లాసున్నర నీళ్లు గ్లాసయ్యేదాకా మరిగిస్తాను. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే దగ్గు సిరప్పుల్లో వేసే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, కాబట్టి ఇది ఉత్త నమ్మకం కాదు. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది దానికి. కడుపుబ్బరానికి వాము, వేడినీళ్లు చాలు.

వసకొమ్ము మానేశాను. పెద్దబాబుకి అరగదీసి నాలుకకి రాసేవాళ్లం. అందులోని బీటా అసరోన్ హానికరమని అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో వాడకుండా నిషేధించారని తెలిశాక చిన్నదానికి ఒక్కసారి కూడా రాయలేదు. అత్తయ్యగారు బాధపడ్డారు, అయినా సరే.

ఇక హోమియో. దాళ్వా కోతల దుమ్ముకి నాకొచ్చే తుమ్ములకి మూడేళ్లు వేసుకున్నా, కాఫీ, పచ్చిఉల్లి మానేసి మరీ. ఏ తేడా లేదు, కోతలైపోతే తుమ్ములూ పోయేవి, అంతే. జర్మనీ డాక్టరు హానిమన్ 1796లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 30 సి అని రాసి ఉంటే ఒక వంతుకి తొంభైతొమ్మిది వంతులు కలిపి పలచన చేయడం ముప్పైసార్లు చేశారని అర్థం, పన్నెండోసారి దాటేసరికే అసలు పదార్థం అణువు కూడా మిగలదు. అయినా తీపి మాత్రలేగా, నష్టమేముంది అనుకునేదాన్ని.

నష్టం ఆలస్యంలో ఉంది. ఒక వానాకాలం మావారికి జ్వరం వస్తే నాలుగు రోజులు ఆ మాత్రలతోనే చూశాం. ఐదో రోజు నిలబడలేకపోయారు. రాజమండ్రి తీసుకెళ్తే డెంగీ, ప్లేట్‌లెట్లు ముప్పైవేలకి పడిపోయాయి. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ పోలేదు నాకు.

కరక్కాయ, వాము ఉన్న ఆ డబ్బాలోనే ఇప్పుడు థర్మామీటరు పెట్టాను. జ్వరం రెండో రోజుకీ తగ్గకపోతే నేరుగా రక్తపరీక్షకే.