మంత్రాలయమా, మహానందా? పెద్దవాళ్ళ ఒక్కరోజు ప్రయాణానికి ఏది మేలు

రిటైరైన వాళ్ళం పది పన్నెండు మందిమి ఉన్నాం, కర్నూలులో పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేటట్టు ఎక్కడికి పోతే బాగుంటుంది, మంత్రాలయమా, మహానందా? ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. మహానందికి పోతే యాగంటి కూడా చూసుకుని రావచ్చా అనేది దాని వెనకాలే వస్తుంది. క్షేత్రాల మహిమ, ఏ బస్సు ఎక్కడ ఎక్కాలి అన్నవి ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నేను మొదట చూసేది ఒక్కటే. దారిలోనూ గుడి దగ్గరా బాత్రూమ్ ఎక్కడుంది, అందులో వెస్టర్న్ కమోడ్ ఉందా, అక్కడికి ఎన్ని మెట్లు ఎక్కాలి.

మొహమాటం కొద్దీ ఎవరూ బయటికి అనరు కాబట్టే ఇంత సూటిగా రాస్తున్నా. మన వయసులో షుగర్ ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్ళు, బీపీకో గుండెకో నీళ్ళ మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా పోయేట్టు చేసేది) వేసుకునే వాళ్ళు గంట, గంటన్నర కంటే ఆగలేరు. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు కింద కూర్చునే రకం వాడలేరు. మగవాళ్ళు రోడ్డు పక్కన బండి ఆపుకుంటారు, ఆడవాళ్ళకు ఆ దారి కూడా లేదు. అందుకే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేసి వచ్చే ఆడవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. ఎందుకు తాగట్లేదక్కా అంటే దాహం లేదంటారు. కర్నూలు ఎండలో, క్యూలో నిలబడి, నీళ్ళు లేకుండా, పైగా పొద్దున వేసుకున్న మాత్రలతో ఉంటే కళ్ళు తిరిగి పడిపోక ఏమవుతుంది? యాత్రలో ఎవరికైనా బాగాలేకుండా పోయిందంటే అలుపు వల్ల అనుకుంటాం కానీ చాలాసార్లు అసలు సంగతి నీళ్ళు తాగకపోవడమే.

ఈ లెక్కన చూస్తే రెండు ఊళ్ళూ రెండు రకాలు. మంత్రాలయానికి ఊరు బాగుంటుంది, దారి ఇబ్బంది. మహానందికి దారి బాగుంటుంది, ఊళ్ళో కొంచెం జాగ్రత్త పడాలి.

మంత్రాలయం మనకు వంద కిలోమీటర్ల లోపే. కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా పోతాం, నంద్యాల హైవేలాంటి రోడ్డు కాదు. నడి దారిలో శుభ్రమైన బాత్రూమ్ దొరుకుతుందని ధైర్యంగా చెప్పలేను, ఎమ్మిగనూరు దాకా ఓపిక పట్టాల్సిందే అనుకుని బయల్దేరాలి. చేరాక మాత్రం హాయి. మఠం దాదాపు సమతలంగా ఉంటుంది, ఊరి దేవత మంచాలమ్మ దర్శనం, తర్వాత రాయరు, అంటే రాఘవేంద్ర స్వామి బృందావనం, అంతా నెమ్మదిగా నడిచి చూసుకోవచ్చు. మధ్యాహ్నం మఠంలోనే భోజనం. ఊరినిండా లాడ్జీలు. అందరూ కలిసి రెండు రూములు పూటకు తీసుకుంటే, ముందే అడిగి వెస్టర్న్ కమోడ్ ఉన్నవే తీసుకుంటే, ఆ రోజు టెన్షన్ సగం తీరిపోతుంది. దర్శనం అయినవాళ్ళు నడుం వాల్చవచ్చు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు చాటుగా వేసుకోవచ్చు. మనిషికి పడే ఖర్చు తక్కువే, అయినా దీన్ని దండగ అనేవాళ్ళు ప్రతి గుంపులో ఉంటారు, వాళ్ళ మాట వినకండి. గురువారం మాత్రం వద్దు, రద్దీ ఎక్కువ. తుంగభద్ర నిండుగా పారే రోజుల్లో మెట్లు దిగి స్నానానికి పోవద్దు, నీళ్ళు తలమీద చల్లుకుంటే చాలు. రైలు ఆలోచన కూడా వద్దు. మంత్రాలయం రోడ్డు స్టేషన్ గుంతకల్లు–రాయచూరు లైనులో ఉంది, మన ఊరి లైను వేరు, పైగా స్టేషన్ నుంచి ఊరు ఇంకా 16 కిలోమీటర్లు.

మహానందికి నంద్యాల దాకా నాలుగు వరుసల రోడ్డు. ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్రోల్ బంకో హోటలో కనిపిస్తుంది, గంటకొకసారి బండి ఆపడానికి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నంద్యాల పెద్ద ఊరు, ఇప్పుడు జిల్లా కేంద్రం కూడా. ఆసుపత్రులున్నాయి, రాత్రి దాకా మెడికల్ షాపులుంటాయి. అక్కడి నుంచి మహానంది ఇరవై కిలోమీటర్ల లోపే, చివర్లో అరటి తోటల మధ్య దారి కళ్ళకు చల్లగా ఉంటుంది. కోనేటి నీళ్ళు అడుగున పడిన పైసలు కనిపించేంత తేటగా ఉంటాయి, ఎండాకాలంలోనూ ఆ ఊట తగ్గదు. మనలో చాలామందికి చిన్నప్పుడు మునిగిన గుర్తు ఉంటుంది కాబట్టి దిగాలనిపిస్తుంది. దిగండి, కానీ ఒంటరిగా కాదు, తడి రాతి మెట్ల మీద జారితే తుంటి ఎముకకే దెబ్బ. చేయి పట్టుకునే మనిషి ఒకరు పైన, ఒకరు కింద ఉండాలి.

రెండింటిలో నేను మహానందికే ఓటేస్తాను. బాత్రూమ్ ఇబ్బంది ఎక్కువగా బండిలో కూర్చున్న గంటల్లోనే వస్తుంది, గుడి దగ్గర ఎలాగో సర్దుకోవచ్చు, రూము తీసుకోవచ్చు, ఎవరినైనా అడగవచ్చు. నడి రోడ్డు మీద అడగడానికి ఎవరూ ఉండరు. అందరూ గట్టి ఆరోగ్యంతో ఉన్న గుంపైతే, లేదా రాయరు మీద గురి ఉన్నవాళ్ళే ఎక్కువైతే మంత్రాలయం పోవడంలో తప్పేమీ లేదు, లాడ్జీ రూము మాత్రం మరవద్దు.

యాగంటి సంగతి. కలిపితే ఆ రోజు తిరుగుడు రెండు వందల కిలోమీటర్లు దాటిపోతుంది. వయసులో ఉన్నవాళ్ళకు అది లెక్కలోకి రాదు. మన గుంపు ఒక్కసారి బండి దిగి మళ్ళీ ఎక్కాలంటే చెప్పులు, చేతికర్రలు, బ్యాగులు చూసుకుని కూర్చునేసరికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అలాంటివి రెండు మూడు పెరిగితే మధ్యాహ్నం భోజనం మూడింటికి జరుగుతుంది, షుగర్ మాత్ర వేసుకున్నవాళ్ళకు చెమటలు పట్టి షుగర్ డౌన్ అయ్యేది అప్పుడే. యాగంటికి ఇంకో రోజు విడిగా పోండి. ఉమామహేశ్వరుణ్ణి, బసవన్నను చూసుకుని కోనేటి గట్టున కూర్చోండి. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఎక్కుతారు, మిగతావాళ్ళను రమ్మని బలవంతం చేయవద్దు. అక్కడ కోతులు ఎక్కువ, చేతిలో ప్లాస్టిక్ కవరు కనపడితే లాక్కుపోతాయి. మందులు కవర్లో పెట్టుకోకుండా మెడలో వేసుకునే చిన్న సంచిలో పెట్టుకోండి.

అహోబిలం రానూపోనూ మూడు వందల కిలోమీటర్లకు దగ్గర, ఎగువ అహోబిలం, జ్వాలా నరసింహుడు అంటూ కొండ నడక ఒకటి, ఒక్కరోజులో వద్దు. బెలుం గుహలు లోపల ఉక్కపోత, దిగే మెట్లు, ఆస్తమా గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అసలే వద్దు. శ్రీశైలం ఘాట్ రోడ్డు, రాత్రి అడవి గేటు మూసేస్తారు, అది రెండు రోజుల యాత్ర. ఎక్కువసేపు కూర్చోలేనివాళ్ళు గుంపులో ఉంటే అలంపురం, తుంగభద్ర దాటితే వచ్చేస్తుంది, జోగులాంబను, చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలను చూసుకుని మధ్యాహ్నానికి ఇంట్లో ఉండవచ్చు.

బస్సా, టెంపో ట్రావెలరా అంటే డబ్బు లెక్కలో ఆర్టీసీకి సాటి లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, అరవై దాటిన మగవాళ్ళకు 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. కానీ బస్సు మన కోసం ఆగదు. నలుగురైదుగురే అయి, బస్టాండు నుంచి బస్టాండుకు ఓపిక పట్టగలిగితే బస్సెక్కండి. అంతకంటే ఎక్కువమంది అయితే టెంపోనే, డ్రైవరుకు బయల్దేరే ముందే చెప్పాలి, ఎవరు అడిగినా బంకు కనిపించగానే ఆపాలని. టెంపో మెట్టు ఎత్తుగా ఉంటుంది, గట్టి ప్లాస్టిక్ స్టూలు ఒకటి బండిలో వేసుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళను వెనక సీట్లలో కూర్చోబెట్టవద్దు, కుదుపంతా అక్కడే. మడత పెట్టే కమోడ్ స్టూలు మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, గుంపుకు ఒకటి కొనుక్కుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

నీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళు దాన్ని సొంతంగా మానేయకండి. ప్రయాణం రోజు వేళ మార్చుకోవచ్చా అని వారం ముందే డాక్టరును అడగండి, కొందరికి ఇంటికొచ్చాక వేసుకోమంటారు, కొందరికి కుదరదంటారు. పొద్దున ఉగ్గాని (బొరుగుల ఉప్మా) తినండి, బజ్జీ మాత్రం ఆ రోజుకు వద్దు. పెరుగన్నం, అరటిపళ్ళు, గ్లూకోజు బిస్కెట్లు బండిలో ఉండాలి. గుడి మధ్యాహ్నం ఎన్నింటికి మూస్తారో ఫోన్ చేసి కనుక్కుని, దర్శనం కాకపోయినా సరే ఒంటిగంటకల్లా అన్నం తినేటట్టు చూడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి, అందులోనూ కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజులు వదిలేసి మామూలు మంగళ, బుధవారాలు పెట్టుకోండి. ఆ రోజుల్లో క్యూ ఉండదు, బాత్రూముల దగ్గరా ఉండదు.